పాత ట్రక్కు ఇంజిన్ మిస్సవుతూ, లైట్లన్నీ ఒకేసారి వెలిగితే ముందు చూడవలసింది

నా పాత పెట్రోలు ట్రక్కు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సవడం, అంటే ఏదో ఒక సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే పికప్ రాదు సరికదా, బండి కుదుపులు ఇస్తుంది. కాసేపటికి మీటర్ల దగ్గర చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, దాని వెంటే బ్యాటరీ లైటు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు కూడా వచ్చాయి. ఇలాంటప్పుడు చాలామంది, బండి కంప్యూటరు నమోదు చేసిన తప్పుల కోడులు చదివే స్కానరు పెట్టి, అందులో ఏ కోడు కనబడితే ఆ సెన్సరు మార్చేస్తారు. సెన్సరు మార్చడం చివరగా చేయవలసిన పని అని నా గట్టి అభిప్రాయం. ముందు చూడవలసింది కరెంటు, అందులోనూ ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు కలిపే కేబులు.

అంతకంటే ముందు, బండిని ఆపాలా, నడుపుకుంటూ ఇంటికి చేరవచ్చా అన్నది తేల్చుకోవాలి. ఎరుపు రంగు ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగినా, టెంపరేచర్ ముల్లు ఎరుపు గీత దాటినా వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా వెళ్ళవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం దాని అర్థం వేరు: సిలిండర్లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) లోకి చేరి అక్కడ మండుతోందని, ఆ వేడికి లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోయే ప్రమాదం ఉందని. కరిగిన జల్లెడ పొగ దారిని మూసేస్తే ఇంజిన్ ఇంకా బలహీనపడుతుంది, అప్పుడు అసలు జబ్బు ఏదో, దాని వల్ల వచ్చిన జబ్బు ఏదో విడదీయడం కష్టమవుతుంది. కాబట్టి ఆ లైటు మిణుకుమంటే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి, వీలు చూసుకుని ఆపాలి.

అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి కార్లకూ చిన్న ట్రక్కులకూ ఓబీడీ-2 అనే, తప్పుల కోడులను ఒకే తీరున చదవగలిగే పద్ధతి తప్పనిసరి అయింది కనుక, ఆ పద్ధతి ఉన్న బండికి మామూలు స్కానరు సరిపోతుంది. కోడుతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే సమాచారం కూడా అందులో ఉంటుంది. తప్పు జరిగిన క్షణాన ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, దాని మీద లోడు ఎంత అన్నవి నమోదై ఉంటాయి. దాన్ని రాసిపెట్టుకునే వరకు కోడు చెరపకూడదు, బ్యాటరీ తీగ ఊడదీయకూడదు. నా బండిలో పీ0304 వచ్చింది, అంటే నాలుగో సిలిండరు మిస్సవుతోందని. అది స్పార్కు లోపమా, పెట్రోలు లోపమా, కంప్రెషన్ (సిలిండరులో గాలిని నొక్కే ఒత్తిడి) లోపమా అన్నది కోడు చెప్పదు.

ఇక మూడు లైట్ల సంగతి. ఇంజిన్, ఛార్జింగ్, బ్రేకులు అన్న మూడు వేర్వేరు వ్యవస్థలు ఒకే రోజున విడివిడిగా చెడిపోవడం అరుదు, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది కరెంటు సరఫరా. ఇంజిన్ ఆపి కొంతసేపు ఉంచాక మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాదాపు 13.7 నుంచి 14.7 మధ్య ఉండాలి. నేను హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.9 మాత్రమే వచ్చింది. ఇక్కడే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసేది) పోయిందని తీర్మానించేవారు ఉంటారు. కానీ మల్టీమీటరు తీగలను ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టుకూ దాని ఒంటికీ ఆనించి చూస్తే 14.2 ఉంది. అంటే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది, ఆ కరెంటు దారిలో ఎక్కడో పోతోంది. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకు మధ్య కొలిస్తే ఒక వోల్టు పైగా తేడా కనబడింది. అక్కడ 0.2 వోల్టు మించి ఉండకూడదు.

ఆ ఎర్త్ కేబులు పైకి చూస్తే బాగానే ఉంది, బోల్టు కూడా గట్టిగా బిగించే ఉంది. లగ్గు (కేబులు చివర బోల్టు బిగించే లోహపు ముక్క) దగ్గర రబ్బరు తొడుగును కొద్దిగా కోసి చూస్తే, లోపలి రాగి తీగలు పచ్చటి పొడి పట్టి, వేళ్ళతో నలిపితే పెళుసుగా విరిగిపోయాయి. ఓం మీటరుతో కొలిస్తే ఇలాంటి కేబులు మంచిదే అన్నట్టు చూపుతుంది, ఎందుకంటే మిగిలిన ఒకటి రెండు పోగులు కూడా మీటరు పంపే సన్నని కరెంటుకు చాలు. అందుకే లోడు వేసి వోల్టేజీ తేడా చూడడమే సరైన పరీక్ష. కొత్త కేబులు వేసి, బోల్టు కూర్చునే చోట రంగు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా గీకి బిగించాను. బ్యాటరీ లైటు, ఏబీఎస్ లైటు ఆరిపోయాయి.

లోడు మీద మిస్సవడం మాత్రం తగ్గింది కానీ పోలేదు. ఎప్పుడు మిస్సవుతోందో గమనిస్తే సగం దారి దొరుకుతుంది. ఐడిలింగ్‌లో వణికి, రేజ్ చేస్తే సర్దుకునే ఇంజిన్‌కు చాలాసార్లు వ్యాక్యూమ్ లీకు, అంటే కొలతకు అందకుండా గాలి లోపలికి చొరబడడం ఉంటుంది. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు మోచేతి వంపుల దగ్గర చిట్లుతాయి. స్కానరులో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) ఐడిలింగ్‌లో బాగా పెరిగి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకు వస్తే ఆ అనుమానం బలపడుతుంది. దానికి భిన్నంగా లోడుతో పాటు ట్రిమ్ పెరుగుతూ పోతే పెట్రోలు ఫిల్టరు, పంపు, గాలిని కొలిచే సెన్సరు వైపు చూడాలి. నా బండిలో ట్రిమ్ సరిగానే ఉండి, లోడు మీద మాత్రమే మిస్సయింది కనుక స్పార్కు వైపు వెళ్ళాను. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్గు సందును దాటడానికి స్పార్కుకు ఎక్కువ వోల్టేజీ కావాలి. దారిలో అంతకంటే సులువైన చోటు దొరికితే అది అక్కడే జారిపోతుంది.

నాలుగో సిలిండరు కాయిల్‌ను (ప్లగ్గుకు స్పార్కు వోల్టేజీ అందించేది) రెండో సిలిండరు కాయిల్‌తో తారుమారు చేసి నడిపాను, కోడు మళ్ళీ పీ0304 అనే వచ్చింది. కోడు పీ0302కు మారి ఉంటే కాయిల్ చెడినట్టే. ఇక మిగిలింది ప్లగ్గు. బయటికి తీసి వెలుతురులో తిప్పి చూస్తే, తెల్లని పింగాణీ మీద పై నుంచి కింది లోహం దాకా పెన్సిలు గీతలాంటి సన్నని నల్ల చార ఉంది. స్పార్కు ఆ చార వెంట ఇంజిన్ ఒంట్లోకి జారిపోతోంది. అలాంటి చార ప్లగ్గు మీద ఉంటే దాని ఎదురుగా కాయిల్ రబ్బరు బూటు లోపల కూడా ఉంటుంది, కాబట్టి రెండూ కలిపి మార్చాలి. ఒక్క ప్లగ్గే మారిస్తే పాత బూటు కొత్త ప్లగ్గును కూడా పాడుచేస్తుంది. ప్లగ్గులన్నీ ఒకే వయసువి కనుక నేను మొత్తం సెట్టు మార్చాను. ఇవన్నీ బాగుండి ఒకే సిలిండరు ఇంకా మిస్సవుతుంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు చూసి, ఆ తరువాత కంప్రెషన్ కొలవాలి.

పని అయ్యాక కోడు చెరిపి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, అదే లోడుతో అదే ఎత్తు ఎక్కించి, స్కానరులో పెండింగ్ కోడుల పేజీ చూశాను. లైటు వెలగకముందే అనుమానం అక్కడ నమోదవుతుంది కనుక లైటు ఆరినంత మాత్రాన సరిపోదు, ఆ పేజీ ఖాళీగా ఉండాలి. ఖాళీగానే ఉంది.