జనవరిలో కలమాతా: ఉండిపోవాలనుకునేవాళ్ల లెక్క

ఏథెన్స్‌లో కిఫిసోస్ బస్టాండు నుంచి గ్రీసు దక్షిణాన ఉన్న కలమాతాకి బస్సులో మూడు గంటలు. టికెట్టు 30 యూరోల లోపే. రైలు లేదు, కలమాతా ఉన్న దక్షిణ ద్వీపకల్పం పెలొపొనీస్‌లోని పాత మీటర్‌గేజి లైన్లు చాలావరకు 2011 నాటికే ఆగిపోయాయి. కొరింతు కాలువ దగ్గర కాసేపు ఆగిన బస్సు దారిలోని త్రిపోలి ఊరి వైపు కొండలెక్కుతుంది. చివరి దిగుడు మొదలవగానే మెసీనియా మైదానం అంతా ఆలివ్ తోటలే. జనవరి కావడంతో కొన్ని చెట్ల కింద రాలిన కాయలు పట్టే వలలు ఇంకా పరిచే ఉన్నాయి. కత్తిరించిన కొమ్మలు తగలబెడుతున్న పొగ బస్సులోకి వస్తోంది. ఎడమవైపు 2,404 మీటర్ల తాయిగెతోస్ కొండ, నెత్తిన మంచు.

జనవరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. గ్రీసులో స్థిరపడాలనుకునేవాళ్లు చాలామంది జూన్‌లో ఒక వారం వచ్చి, సముద్రం చూసి, ఇల్లు మాట్లాడేసుకుంటారు. ఖర్చయినా కష్టమైనా తెలిసేది నవంబరు తర్వాతే. ఊరు బతకడానికి పనికొస్తుందా లేదా అన్నది చలికాలమే చెబుతుంది. ద్వీపాల్లో సగం దుకాణాలకు అప్పుడు తాళాలుంటాయి. కలమాతా అలా కాదు. 60 వేలకు దగ్గరగా జనం ఉన్న జిల్లా కేంద్రం, కోర్టూ కాలేజీలూ ఉన్న ఊరు, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. విదేశీయుల్లో బ్రిటిషువాళ్లూ జర్మన్లూ ఎక్కువగా దక్షిణాన కార్దమిలి, స్తూపా పల్లెల్లో ఉంటారు. కారు లేకుండా బతకాలంటే మాత్రం ఊళ్లోనే ఉండాలి. నేల చదునుగా ఉంటుంది. పాత రైల్వే స్టేషన్ని పార్కు చేశారు, దాని గుండా సైకిలు మీద పావుగంటలో సముద్రపు ఒడ్డుకు చేరొచ్చు.

ఊళ్లో భవనాలు చాలావరకు ఒకే వయసువి. 1986 సెప్టెంబరు 13 సాయంత్రం వచ్చిన భూకంపంలో 20 మంది చనిపోయారు, ఇళ్లు వేల సంఖ్యలో దెబ్బతిన్నాయి. ఆ తర్వాత కట్టినవి కాంక్రీటు ఫ్రేములతో, భూకంప నిబంధనల ప్రకారం లేచినవే. ఇల్లు చూసేటప్పుడు మొదట అడగాల్సింది కట్టిన ఏడాది. గోడలకు ఇన్సులేషన్ ఉండాలన్న నిబంధన దేశంలో 1979లో వచ్చింది. అంతకుముందు కట్టిన ఇల్లు ఎంత అందంగా ఉన్నా, మళ్లీ బాగుచేయించిన దాఖలా ఉంటే తప్ప చలికాలంలో గడ్డకట్టిస్తుంది. ఒప్పందానికి ముందు ఇంటి ఎనర్జీ సర్టిఫికెట్ చూపించమనాలి. ఎ ప్లస్ నుంచి గ్రీకు అక్షరం 'ఈటా' (Η) దాకా తరగతులుంటాయి, ఊళ్లో చవగ్గా దొరికే చాలా ఇళ్లు ఆఖరి మూడింట్లోనే ఉంటాయి.

అద్దెల సంగతి. గోడలకూ తలుపులకూ అంటించిన పసుపు, ఎరుపు స్టిక్కర్ల మీద 'ఎనికియాజెతే' అని ఉంటే అద్దెకిస్తారని అర్థం. కొందరు యజమానులు ఆన్‌లైన్‌లో పెట్టరు, వీధుల్లో తిరిగితేనే దొరుకుతాయి. నేను తిరిగిన వీధుల్లో ఒంటిగది స్టూడియోకి 350 నుంచి 450, రెండు పడక గదుల 80 చదరపు మీటర్ల ఫ్లాటుకి 500 నుంచి 700 యూరోలు చెప్పారు. నవారీను వీధి పొడవునా, సముద్రం కనిపించే చోట్ల, అంతకంటే ఎక్కువ. ఏజెంటు ద్వారా వెళితే మామూలుగా ఒక నెల అద్దె, దాని మీద 24 శాతం పన్ను. అడ్వాన్సు ఒకటి రెండు నెలలది.

ఇక్కడ మోసపోయేది ఒక చోట. తీరం వైపు ఇళ్లు కొన్ని సెప్టెంబరు నుంచి మే దాకానే ఇస్తారు. జూన్ రాగానే రోజువారీ అద్దెకు పర్యాటకులకిచ్చి మూడు నెలల్లో ఏడాది డబ్బు రాబట్టుకుంటారు. నిజానికి నివాసం కోసం తీసుకున్న ఇంటికి చట్టప్రకారం కనీసం మూడేళ్ల రక్షణ ఉంది, కాగితం మీద ఏడాదనే రాసినా సరే. అయితే ఆ ఒప్పందం యజమాని పన్నుల శాఖ పోర్టల్లో నమోదు చేసి, అద్దెదారు తన లాగిన్‌తో అంగీకరించాలి. నోటిమాట ఒప్పందంతోనో, అసలు అద్దెకంటే తక్కువ రాసిన కాగితంతోనో ఉన్నవాళ్లు నివాస అనుమతి దరఖాస్తు దగ్గర ఇరుక్కుంటారు. నమోదు చేయనన్న యజమాని ఎంత తగ్గించినా ఆ ఇల్లు వద్దు.

ఇక చలి. కలమాతాలో జనవరి రాత్రులు 5, 6 డిగ్రీలకు దిగుతాయి. హైదరాబాదులో పెరిగినవాళ్లకి అదేం భయపడే అంకె కాదు. కానీ బయటి 6 కన్నా లోపలి 13 బాధపెడుతుంది. నేలంతా పాలరాయో టైల్సో, కిటికీలకు చాలాచోట్ల ఒంటి అద్దం, దానికితోడు సముద్రపు చెమ్మ. ఉత్తరం వైపు గదిలో బీరువా గోడకు ఆనించి పెడితే నెలలో వెనక నల్లటి బూజు పడుతుంది. కనుక బీరువా గోడకు ఒక జానెడు దూరంలో ఉండాలి, రోజూ పది నిమిషాలు రెండువైపులా కిటికీలు తీయాలి, బట్టలు ఇంట్లో ఆరేస్తే తేమ లాగే మిషను తప్పనిసరి. ఇల్లు చూసేటప్పుడు బీరువాల వెనకా, బాత్రూం పైకప్పు మూలల్లోనూ చేత్తో తడిమి చూడండి. కొత్తగా ఒక్క గోడకే సున్నం వేసి ఉంటే ఎందుకో అడగండి.

పాత అపార్ట్‌మెంట్లలో కిందంతస్తులో ఒకే బాయిలరు, ఇంటింటికీ రేడియేటర్లు ఉంటాయి. హీటింగ్ నూనె అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 30 దాకానే అమ్ముతారు. ఖర్చు వాటాలుగా 'కినోహ్రిస్తా' బిల్లులో వస్తుంది, మనవైపు మెయింటెనెన్సు లాంటిదే. చిక్కేమిటంటే, డబ్బు పెట్టలేక పొరుగువాళ్లలో ఎక్కువమంది నూనె వద్దంటే ఆ ఏడాది బాయిలరు వెలగదు. 2010 తర్వాతి ఆర్థిక సంక్షోభపు రోజుల్లో దేశమంతా ఇలా జరిగింది, కొన్ని భవనాల్లో మళ్లీ మొదలవనేలేదు. 'సెంట్రల్ హీటింగ్ ఉంది' అన్న మాట చాలదు, 'పోయిన చలికాలం వేశారా, రోజుకి ఎన్ని గంటలు' అని అడగాలి.

లేకపోతే ఏసీనే హీటరు. ఒక టన్ను ఇన్వర్టరు రోజుకి ఆరు గంటలు నడిస్తే 5, 6 యూనిట్లు కాలుతుంది. అన్ని ఛార్జీలూ కలిపి యూనిట్ 20 సెంట్లు వేసుకున్నా నెలకి 35 యూరోల దాకా, రెండు గదులకు 70. కరెంటు పథకాలకు 2024 జనవరి నుంచి రంగులు పెట్టారు. నీలం అంటే ఒప్పందం కాలమంతా ఒకే ధర. ఆకుపచ్చ అంటే ప్రతి నెలా మొదట్లో ప్రకటించే ధర. పసుపు మార్కెట్టుతోపాటు ఊగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకి నీలమే మేలు, చలికాలంలో ఖర్చు ముందే తెలుస్తుంది. స్మార్టు మీటరు లేని ఇళ్లలో అసలు రీడింగు నాలుగు నెలలకోసారే తీస్తారు, మధ్యలో వచ్చేవి అంచనా బిల్లులు. పాత అద్దెదారు వాడకం తక్కువైతే మీకు మూడు నెలలు చిన్న బిల్లులొచ్చి, నాలుగోది 300 దాటుతుంది. ఇంట్లోకి దిగిన రోజే మీటరు ఫొటో తీసి, నెలనెలా రీడింగు మీరే పంపొచ్చు. ఆ బిల్లులోనే మునిసిపాలిటీ పన్నులూ ప్రభుత్వ టీవీ రుసుమూ కలిసి వస్తాయి, కంగారుపడక్కర్లేదు.

నీళ్లు కాగడానికి ఇంటి మీద సోలార్ హీటరుంటుంది. మబ్బు రోజుల్లో ఫ్యూజు బోర్డులో దాని స్విచ్చి వేసుకోవాలి. లోపలి కాయిలు 4 కిలోవాట్లు, అరగంట చాలు. మర్చిపోయి వదిలేస్తే బిల్లులో తెలుస్తుంది. టాయిలెట్ కాగితం పైపులో వేయకూడదు, పక్కన బుట్టలోనే. పైపులు సన్నం, అడ్డుపడితే ప్లంబరు ఖర్చు అద్దెదారుదే.

బుధ, శనివారాల్లో పెద్ద కూరగాయల సంత ఉంటుంది. ఈ ఊళ్లో ఉండాలని నాకు బలంగా అనిపించింది అక్కడే. రైతులే అమ్ముతారు. జనవరిలో నారింజలు కిలో యూరో చుట్టూ, కొండల మీద కోసిన రకరకాల ఆకుకూరలు గంపలుగంపలుగా. వేసవిలో వస్తే 'వ్లిత' అడగండి, అది మన తోటకూరే. 'గ్లిస్త్రిద' అంటే గంగవాయిలి కూర. వాళ్లు పచ్చిగా పెరుగులో, సలాడ్‌లో వేసుకుంటారు, పప్పులో వేసుకుంటే మన ఇంటి రుచే. అలసందలు, శనగలు, చిన్న బెండకాయలు దొరుకుతాయి. కందిపప్పు, కరివేపాకు, చింతపండు ఇక్కడ దొరకవు. ఏథెన్స్‌లో ఒమోనియా వెనక మెనాంద్రు వీధి దుకాణాల్లో కొని తెచ్చుకోవాలి. మజ్జిగన్నానికి వడకట్టిన గట్టి గ్రీకు పెరుగు కాదు, పైన మీగడ కట్టిన మట్టి ముంతల గొర్రె పెరుగు బాగుంటుంది. ఆలివ్ నూనెకి మాత్రం ఇక్కడివాళ్లు కొరొనేయికి రకం చిన్న కాయలే వాడతారు. కలమాతా పేరుతో ప్రపంచమంతా తినే నల్లటి పెద్ద కాయ ఊరబెట్టుకోవడానికి. నూనె 5 లీటర్ల డబ్బాల్లో నేరుగా తోటవాళ్ల దగ్గర కొంటే దుకాణం ధరకన్నా బాగా తక్కువ.

కాగితాలకొస్తే, అన్నిటికన్నా ముందు కావాల్సింది 'అఫిమి' అనే పన్ను నంబరు. అది లేకుండా అద్దె ఒప్పందం లేదు, కరెంటు లేదు, బ్యాంకు ఖాతా లేదు. భారతీయ పాస్‌పోర్టుతో ఇక్కడ ఉండి విదేశీ కంపెనీకి పని చేయాలంటే డిజిటల్ నోమాడ్ వీసా. పన్నులు పోను నెలకి 3,500 యూరోల ఆదాయం చూపాలి. జీవిత భాగస్వామికి 20 శాతం, ఒక్కో పిల్లకి 15 శాతం అదనం, అంటే ముగ్గురి కుటుంబానికి 4,725. గ్రీకు యజమాని దగ్గర పని చేయకూడదు. ఇల్లు కొని గోల్డెన్ వీసా తీసుకోవాలంటే 2024 సెప్టెంబరు నుంచి కలమాతాలో మామూలు ఇంటికి కనీసం 4 లక్షల యూరోలు, అదీ 120 చదరపు మీటర్లకు తగ్గని ఒకే ఆస్తి. దాన్ని పర్యాటకులకు రోజువారీ అద్దెకివ్వడం కుదరదు. నివాస అనుమతి కార్డు రావడానికి నెలలు పడుతుంది, ఆలోగా దరఖాస్తు రసీదు ఇస్తారు. దానితో గ్రీసులో ఉండొచ్చుగానీ మిగతా షెంగెన్ దేశాలు తిరగడానికి వీల్లేదు. ఇండియా ప్రయాణం ఆ గడువు చూసుకునే పెట్టుకోవాలి. సంతకాల ధ్రువీకరణకు లాయరు అక్కర్లేదు, 'కెప్' అనే పౌర సేవా కేంద్రంలో ఉచితంగా చేస్తారు.

ప్రభుత్వాసుపత్రి ఊరికి బయట ఉంది. గుండె, మెదడు వంటి పెద్ద చికిత్సలకు పత్రాసో ఏథెన్సో వెళ్లాలి. నిత్యం మందులు, పరీక్షలు అవసరమయ్యేవాళ్లు ఇది ముందే తూచుకోవాలి. చిన్నవాటికి ప్రైవేటు డాక్టరు ఫీజు 40 నుంచి 60. రాత్రి ఏ మందుల షాపు తెరిచి ఉంటుందో ప్రతి షాపు తలుపు మీదా కాగితం అంటిస్తారు. చిల్లర దుకాణాలు సోమ, బుధ, శనివారాల్లో మధ్యాహ్నానికి మూసేస్తారు, మిగతా రోజుల్లో సాయంత్రం మళ్లీ తెరుస్తారు. చలికాలంలో మధ్యాహ్నం 3:30 నుంచి 5:30 దాకా నిశ్శబ్ద వేళ, డ్రిల్లింగు పెడితే పోలీసు రావచ్చు.

ఇద్దరికి, కారు లేకుండా, చలికాలపు నెల లెక్క ఇలా తేలింది: అద్దె 550, కరెంటూ వేడీ 130, నీళ్లూ కినోహ్రిస్తా 50, ఇంటర్నెట్టూ ఫోన్లూ 55, సరుకులు 420, బయట తిండీ కాఫీలూ 160, ఆరోగ్య బీమా 100, బస్సులు, అప్పుడప్పుడు టాక్సీ 60. మొత్తం 1,525 యూరోలు. కారు ఉంటే పెట్రోలు, బీమా, రోడ్డు పన్ను కలిపి ఇంకో 250. యూరప్‌లో పెద్ద నగరాల నుంచి వచ్చేవాళ్లకు ఇది చవక. కానీ 2025 ఏప్రిల్‌లో దేశంలో కనీస జీతం 880 యూరోలు చేశారు, అదీ కోతలకు ముందు. సంతలో మనకు కూర తూచే మనిషి ఆ జీతం మీద ఇదే అద్దె కట్టాలి. అడిగినంత ఇచ్చేసే ప్రతి విదేశీయుడి వల్లా వీధిలో అద్దె ఇంకొంచెం పెరుగుతుంది. పొరుగువాళ్లు ఎంత కడుతున్నారో కనుక్కుని బేరమాడటం న్యాయమైన పనే.

ఏడాది పొడుగు ఒప్పందం కావాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో రండి. సెప్టెంబరులో విద్యార్థులు ఇళ్లు పట్టేస్తారు. మొదటి రెండు వారాలు ఏదో ఒక గదిలో ఉంటూ, ఇళ్లు పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూడండి. రెండోసారి వెళ్లినప్పుడు పోయిన జనవరి, ఫిబ్రవరి కరెంటు బిల్లులు చూపించమని అడగండి.