124 కొట్టలేకపోయాం, తప్పు పిచ్ ఒక్కదానిదేనా?

124 పరుగులు కొడితే గెలుస్తాం. అది కూడా ఈడెన్ గార్డెన్స్‌లో, మన జనం మధ్య, మనం అడిగి చేయించుకున్న పిచ్ మీద. 2025 నవంబర్‌లో దక్షిణాఫ్రికాతో టెస్టులో ఆ 124 కూడా కొట్టలేక 35 ఓవర్లలో 93కి ఆలౌటైపోయాం. కెప్టెన్ గిల్ మెడ పట్టేసి ఆసుపత్రి పాలయ్యాడు, ఒక బ్యాటర్ తక్కువయ్యాడు, ఒప్పుకుంటాను. మరి మిగతా వాళ్ల సంగతేంటి? ఓపెనర్లిద్దరూ స్కోరు బోర్డు మీద ఒక్క పరుగుండగానే వెనక్కొచ్చేశారు. ఆఖర్లో అక్షర్ వాళ్ల స్పిన్నర్ మహరాజ్ ఓవర్లో ఒక ఫోరు, రెండు సిక్సులు బాదాడు, ఆశ పుట్టింది, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను కూడా. అదే ఓవర్లో ఇంకోటి గాల్లోకి లేపాడు. వాళ్ల కెప్టెన్ బవుమా వెనక్కి పరిగెత్తుకుంటూ వెళ్లి పట్టేశాడు. తర్వాతి బంతికి సిరాజ్ ఔట్, మ్యాచ్ అయిపోయింది. మూడో రోజే.

ఆ మ్యాచ్‌లో నాలుగు ఇన్నింగ్సూ చూడండి: 159, 189, 153, 93. ఎవరూ రెండొందలు దాటలేదు. మొత్తం మ్యాచ్‌లో ఒకే ఒక్క హాఫ్ సెంచరీ, అది బవుమాది, 55 నాటౌట్. అతను చేసింది అద్భుతమేం కాదు. కిందికి వంగి, బంతిని కళ్ల కిందిదాకా రానిచ్చి, చేతులు వదులుగా పెట్టుకుని ఆడాడు. బంతి ఎడ్జ్ తీసుకున్నా ఫీల్డర్ ముందే పడిపోయేది. బీట్ అయితే అయ్యాడు, పట్టించుకోలేదు, తర్వాతి బంతికి మళ్లీ అలాగే నిలబడ్డాడు. ఇది మన వాళ్లకు రాదా? స్పిన్‌ని ఇలా ఆడటం మన గడ్డ మీద పెరిగిన విద్య కాదా?

మ్యాచ్ తర్వాత కోచ్ గంభీర్ ఇది మేం కోరుకున్న పిచ్చే, ఆడలేని పిచ్ కాదు అన్నట్టు మాట్లాడాడు. ఆ మాట మీద మూడు రోజులు గొడవ. సగం మంది పిచ్‌ని తిట్టారు, సగం మంది బ్యాటర్లను తిట్టారు. నాకు మాత్రం ఇవి రెండు వేరువేరు సమస్యలుగా కనపడటం లేదు. పదేళ్లుగా మనం అడిగి మరీ చేయించుకుంటున్న ఈ పిచ్‌ల వల్లే మన బ్యాటింగ్ ఇలా తయారైందని నా నమ్మకం.

2015లో నాగ్‌పూర్ గుర్తుందా? ఇదే దక్షిణాఫ్రికాను 79కి ఆలౌట్ చేశాం. సిరీస్ 3-0. పండగ చేసుకున్నాం. ఐసీసీ ఆ పిచ్‌కి పూర్ అని రేటింగ్ ఇస్తే వాళ్ల మీద విరుచుకుపడ్డాం కూడా. కానీ ఆ మ్యాచ్‌లో మనం చేసిందెంత? మొదటి ఇన్నింగ్స్‌లో 215, రెండోదాంట్లో అంతకన్నా తక్కువ. అశ్విన్ పన్నెండు వికెట్లు తీశాడు కాబట్టి ఆ లెక్క ఎవరికీ పట్టలేదు. ఆ మ్యాచ్‌లో అవతలి జట్టులో సైమన్ హార్మర్ అనే ఆఫ్ స్పిన్నర్ ఉన్నాడు. పదేళ్ల తర్వాత అతనే తిరిగొచ్చి రెండు టెస్టుల్లో 17 వికెట్లు తీసుకుని వెళ్లాడు. అప్పుడు మన బౌలర్ల నుంచి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇంగ్లండ్ కౌంటీల్లోనూ పాఠాలు నేర్చుకున్నాడు. మన బ్యాటర్లు ఆ పదేళ్లలో ఏం నేర్చుకున్నారో నాకైతే తెలియడం లేదు.

బంతి మొదటి రోజు నుంచే గింగిరాలు తిరిగే పిచ్ మీద జరిగేదేంటంటే, మంచి స్పిన్నర్‌కీ మామూలు స్పిన్నర్‌కీ తేడా చెరిగిపోతుంది. ఒకే చోట పడిన రెండు బంతుల్లో ఒకటి జానెడు తిరుగుతుంది, ఇంకోటి నేరుగా దూసుకొచ్చి ప్యాడ్‌కి తగులుతుంది. ఏది తిరుగుతుందో వేసినవాడికే తెలియదు, ఇక ఆడేవాడికేం తెలుస్తుంది? బంతిని గాల్లో ఊరించి వేసే ఫ్లైట్ అక్కర్లేదు, మాయ చేయక్కర్లేదు, కాస్త వేగంగా స్టంప్స్ మీదికి వేస్తూ పోతే చాలు, మిగతాది పిచ్ చూసుకుంటుంది. అలా అయితే అశ్విన్, జడేజా లాంటి వాళ్లు మన దగ్గరుండటం వల్ల మనకొచ్చే లాభం ఏముంది? అవతలివాడికి కూడా మనమే ఆయుధం చేతికిచ్చినట్టే కదా.

నమ్మకపోతే చూడండి. 2017లో పుణెలో స్టీవ్ ఓకీఫ్ అనే ఆస్ట్రేలియా ఎడమచేతి వాటం స్పిన్నర్ ఒక్కో ఇన్నింగ్స్‌లో 35 పరుగులకు ఆరేసి వికెట్లు తీశాడు. మనం 105, 107. ఓడింది 333 పరుగులతో. 2023లో ఇండోర్‌లో మొదటి రోజు లంచ్ దాటిన కాసేపటికే 109కి చాప చుట్టేశాం, ఆస్ట్రేలియా స్పిన్నర్ కునెమన్‌కి అది రెండో టెస్టు, ఐదు వికెట్లు. 2024లో మళ్లీ పుణె, న్యూజిలాండ్ స్పిన్నర్ శాంట్నర్. అప్పటిదాకా టెస్టుల్లో ఒక్కసారి కూడా ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీయనివాడు, మొదటి ఇన్నింగ్స్‌లో 53 పరుగులిచ్చి ఏడు, మ్యాచ్ మొత్తం మీద 13. తర్వాత ముంబైలో లక్ష్యం 147, మన స్కోరు ఒక దశలో 29కి 5. పంత్ ఒక్కడు 64 కొట్టి ఆశలు రేపాడు, చివరికి 121కి ఆలౌట్, సిరీస్ 0-3. ఆ సిరీస్ మొదట్లో బెంగళూరులో 46కి ఆలౌటైన సంగతి వేరు, అది మబ్బు పట్టిన ఆకాశం కింద టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకోవడం వల్ల వచ్చిన తిప్పలు. కానీ పుణె, ముంబై మాత్రం మనం తవ్వుకున్న గోతులే. 2012 చివర్లో ఇంగ్లండ్ చేతిలో ఓడాక సొంతగడ్డ మీద వరుసగా 18 సిరీస్‌లు గెలిచిన జట్టు ఇది. ఆ రికార్డు అలా మట్టి కొట్టుకుపోయింది.

ఉప్పల్ మ్యాచ్ గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఆ నాలుగో రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను. 2024 జనవరి, ఇంగ్లండ్ మీద 190 పరుగుల ఆధిక్యం తెచ్చుకుని కూడా ఓడిన మ్యాచ్. పోప్ 196 కొట్టాడు, రివర్స్ స్వీప్ కొట్టిన ప్రతిసారీ స్టాండ్స్‌లో జనం తలలు పట్టుకున్నారు. అంతకన్నా బాధేసింది మన ఛేజింగ్ చూస్తే. 231 కొట్టాలి. వాళ్ల స్పిన్నర్ టామ్ హార్ట్‌లీకి అదే మొదటి టెస్టు, మొదటి ఇన్నింగ్స్‌లో అతన్ని చితక్కొట్టాం. రెండో ఇన్నింగ్స్‌లో అదే హార్ట్‌లీ ఏడు వికెట్లు. నేను కూర్చున్న చోటునుంచి మన వాళ్ల కాళ్లు స్పష్టంగా కనపడ్డాయి. పూర్తిగా ముందుకు రారు, పూర్తిగా వెనక్కి వెళ్లరు, క్రీజులోనే నిలబడి చేతులు మాత్రం ముందుకు తోస్తారు. బంతి తిరిగితే ఎడ్జ్, తిరగకపోతే ఎల్బీ. భరత్, అశ్విన్ ఎనిమిదో వికెట్‌కి 57 పరుగులు జోడించి ఓపిగ్గా ఆడితే స్టేడియం మొత్తం ఒక్కో పరుగుకీ చప్పట్లు కొట్టింది, సింగిల్‌కి కూడా. మన బ్యాటర్లు నిలబడితే చాలు, జనం ఎంత ఓపికైనా పడతారని ఆ సాయంత్రం చూశాను. చివరికి మన హైదరాబాదీ సిరాజే ముందుకొచ్చి స్టంపౌటయ్యాడు. 28 పరుగులతో ఓటమి.

అయితే ఆ సిరీస్‌లోనే అసలు జవాబు కూడా ఉంది. తర్వాతి టెస్టు విశాఖలో. పిచ్ మామూలుగా ఉంది, జైస్వాల్ 209 కొట్టాడు, బుమ్రా రివర్స్ స్వింగ్‌తో 45 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. రాజ్‌కోట్‌లో మళ్లీ జైస్వాల్ డబుల్ సెంచరీ, 434 పరుగులతో గెలిచాం. కోహ్లి ఆ సిరీస్ మొత్తం ఆడనేలేదు. అయినా 4-1. బ్యాటర్లు పరుగులు చేయగలిగే పిచ్ ఇస్తే మనవాళ్లు చేశారు, నాలుగో రోజుకి పిచ్ అరిగాక మన స్పిన్నర్లు అవతలివాళ్లకన్నా ఎంత మెరుగో తేలిపోయింది. ఇంతకన్నా రుజువు ఇంకేం కావాలి? అయినా ఎనిమిది నెలలు తిరక్కుండానే మళ్లీ పుణెలో పొడి పిచ్.

ఎందుకిలా చేస్తున్నారంటే ఒక కారణం టెస్టు చాంపియన్‌షిప్ పాయింట్లు. గెలిస్తే 12, డ్రా అయితే 4. సొంతగడ్డ మీద డ్రా అంటే ఓడినంత పని అని అందరికీ భయం పట్టుకుంది. 2025 అక్టోబర్‌లో ఢిల్లీలో వెస్టిండీస్ ఫాలోఆన్ ఆడి 390 చేసింది, మ్యాచ్ ఐదో రోజుదాకా వెళ్లింది, మన బౌలర్లు చెమటోడ్చి గెలిపించారు. నాకైతే ఆ మ్యాచ్ చాలా నచ్చింది. టెస్టంటే అదే. కానీ ఐదు రోజులు పట్టిందనే దాన్నే తప్పుగా చూసినట్టున్నారు, నెల తిరిగేసరికి కోల్‌కతాలో నీళ్లు పెట్టడం ఆపేసిన పిచ్, జట్టులో నలుగురు స్పిన్నర్లు.

పోనీ పిచ్‌దే తప్పంతా అని సరిపెట్టుకుందామంటే అదే సిరీస్‌లో తర్వాతి టెస్టు, గువాహటి ఉంది. అక్కడి బర్సాపారా స్టేడియంలో జరిగిన మొట్టమొదటి టెస్టు అది, పిచ్ బాగుంది. ఏడో నంబర్‌లో వచ్చిన ముత్తుసామి 109, తొమ్మిదో నంబర్‌లో వచ్చిన యాన్సెన్ 93, దక్షిణాఫ్రికా 489. మనం ఒక వికెట్‌కి 95 మీదుండి, ఏడు వికెట్లకు 122 అయిపోయాం. ఇందులో స్పిన్ పాత్ర తక్కువ, ఆరు వికెట్లు పేసర్ యాన్సెన్‌వే, అందులో చాలావరకు షార్ట్ బంతులకు. పంత్ ఆ రోజు కెప్టెన్, జట్టు కుప్పకూలుతుంటే ముందుకు ఉరికి బ్యాట్ ఊపి కీపర్‌కి క్యాచ్ ఇచ్చాడు. పంత్ అంటే నాకు ప్రాణం, బ్రిస్బేన్‌లో గెలిపించినవాడు, కానీ ఆ షాట్ చూసి ఒళ్లు మండిపోయింది. అదే పిచ్ మీద కుల్‌దీప్ 134 బంతులు ఆడాడు. చేసింది 19 పరుగులే, కానీ 134 బంతులు! ఒక బౌలర్. స్పెషలిస్టు బ్యాటర్లలో ఒక్కడు కూడా ఆ ఇన్నింగ్స్‌లో అన్ని బంతులు ఆడలేదు. చివరికి 408 పరుగులతో ఓడాం, పరుగుల లెక్కన మన టెస్టు చరిత్రలోనే అతి పెద్ద ఓటమి.

ఓపిక లేదా అంటే ఉంది. అదే ఏడాది జులైలో మాంచెస్టర్‌లో ఇదే జట్టు 143 ఓవర్లు ఆడి మ్యాచ్ కాపాడింది. గిల్ సెంచరీ, రాహుల్ 90, ఆపైన జడేజా, వాషింగ్టన్ ఇద్దరూ సెంచరీలు చేసి నాటౌట్‌గా నిలిచారు. అక్కడ 143 ఓవర్లు, కోల్‌కతాలో 35. ఇంగ్లండ్‌లో పిచ్ మీద నమ్మకంతో ఆడారు. ఇక్కడ ఎలాగూ ఒక బంతి రాసిపెట్టుంది, అది వచ్చేలోపు కొట్టేద్దాం అనే ఆలోచనతో ఆడుతున్నారు. ఆ టెన్షన్ ముఖాల్లోనే కనపడుతోంది. ఏళ్ల తరబడి ఇలాంటి పిచ్‌ల మీద ఆడితే డిఫెన్స్ మీద నమ్మకం ఎవరికైనా పోతుంది. దానికి తోడు డీఆర్‌ఎస్, అంటే అంపైర్ నిర్ణయాన్ని కెమెరాల సాయంతో మళ్లీ చూసే పద్ధతి. 2016 చివర్లో మనం దాన్ని ఒప్పుకునే ముందు, కాలు బాగా ముందుకు చాపి ప్యాడ్‌తో ఆడితే అంపైర్ చాలాసార్లు నాటౌట్ ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ ఆట చెల్లదు, బ్యాట్ ముందుండాలి, చేతులు మెత్తగా ఉండాలి. ఆ పాఠం ఇంకా మన వాళ్లకు పూర్తిగా ఎక్కలేదు.

1987లో బెంగళూరులో పాకిస్తాన్ మీద గావస్కర్ 96 కొట్టిన పిచ్ ఇంతకన్నా నయమేం కాదు. మొదటి రోజు పాకిస్తాన్‌ని మణీందర్ ఏడు వికెట్లు తీసి 116కే కూల్చేశాడు. 221 ఛేజింగ్‌లో ఒక పక్క అందరూ పోతుంటే చివరి టెస్టు ఆడుతున్న గావస్కర్ బంతి ఎటు తిరుగుతుందో దాంతోపాటే చేతులు పోనిచ్చాడు, బలవంతంగా ఏదీ కొట్టలేదు. మనం 16 పరుగులతో ఓడాం, అయినా ఆ ఇన్నింగ్స్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. మన లక్ష్మణ్ 2001లో ఇదే ఈడెన్‌లో ఆస్ట్రేలియా స్పిన్నర్ వార్న్ రఫ్‌లో, అంటే బౌలర్ల కాళ్లకు గరుకుతేలిన చోట, వేసిన బంతుల్ని క్రీజు వదిలి ముందుకొచ్చి ఆడిన తీరు చూసినవాళ్లెవరూ మర్చిపోరు. ఆ కాళ్ల కదలిక దేశవాళీలో ఏళ్ల తరబడి స్పిన్ ఆడితే వచ్చింది. లక్ష్మణ్ హైదరాబాద్‌కి రంజీలు ఆడి ఆడి అక్కడిదాకా వెళ్లాడు.

ఇప్పుడు మన పెద్ద ఆటగాళ్లు దేశవాళీ మొహం చూసేదెప్పుడు? 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మన అనంతపురంలో కూడా జరిగింది. రోహిత్, కోహ్లికి ఆ టోర్నీలో విశ్రాంతి ఇచ్చారు. ఆ తర్వాతే న్యూజిలాండ్ వచ్చి మూడూ గెలిచి వెళ్లింది. కోహ్లి పన్నెండేళ్ల తర్వాత రంజీ ఆడింది 2025 జనవరిలో, ఆ ఏడాది మే నెలలో ఇద్దరూ టెస్టులకే వీడ్కోలు చెప్పేశారు. వాళ్లిద్దరినీ నేను తక్కువ చేయడం లేదు, వాళ్లిచ్చిన ఆనందం జన్మకి సరిపడా ఉంది. కానీ ఆ పద్ధతి మాత్రం ఇప్పటి కుర్రాళ్లకు అంటకూడదు.

ఇంకో విషయం, మూడో నంబర్. కోల్‌కతాలో వాషింగ్టన్‌ని మూడో స్థానంలో దించారు, గువాహటిలో ఎనిమిదికి పంపారు, సాయి సుదర్శన్‌ని కోల్‌కతాలో పక్కన కూర్చోబెట్టి గువాహటిలో మూడులో ఆడించారు. ద్రవిడ్, పుజారా ఏళ్ల తరబడి నిలబడ్డ చోటు అది. మెల్‌బోర్న్‌లో 114 కొట్టిన మన విశాఖ కుర్రాడు నితీశ్‌ని కోల్‌కతాకి ముందు జట్టులోంచి పంపేసి, గువాహటికి మళ్లీ పిలిచారు. ఇలా చేస్తే ఎవరికి కుదురు ఉంటుంది?

2027లో ఆస్ట్రేలియా ఐదు టెస్టులకు రావాలి. ఆలోపు పిచ్ తయారుచేసే క్యూరేటర్‌కి ఫోన్లు మానేయండి. పిచ్‌కి పెట్టాల్సిన నీళ్లు పెట్టనివ్వండి, మొదటి రెండు రోజులు బ్యాటర్లు పరుగులు చేయనివ్వండి. ఖాళీ దొరికిన ప్రతి నెలా గిల్, జైస్వాల్, పంత్ రంజీ ఆడాల్సిందే, గాయముంటే తప్ప మినహాయింపు వద్దు. మూడో నంబర్‌లో ఎవరో ఒకర్ని పెట్టి, రెండు మ్యాచ్‌లు విఫలమైనా సిరీస్ మొత్తం ఆడించండి. మ్యాచ్ ఐదో రోజుదాకా వెళ్లి చివరికి డ్రా అయినా మాకు అభ్యంతరం లేదు, మేం చివరి బంతి దాకా కూర్చునే చూస్తాం.