కంట్లో గ్యాస్ ఉన్నన్నాళ్లు

నాకు కుడికంటి రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు వెలుగును పట్టే పొర, ఊడింది. ముందు నాలుగు రోజులు చీకట్లో తల తిప్పినప్పుడల్లా కంటి అంచున సన్నటి మెరుపు. తర్వాత మసి రాలినట్టు నల్లచుక్కలు. గుంటూరులో కళ్లజోళ్ల షాపుకెళ్తే పవర్ పెరిగిందన్నారు. మైనస్ 7 అద్దాలున్న మనిషికి ఈ రెండూ కలిసొస్తే చూడాల్సింది పవర్ కాదు. చుక్కల మందేసి కంటిపాప పెద్దదయ్యాక రెటీనా అంచులదాకా చూడాలి. రెటీనా ఊడకముందే, దానికి చిరుగు పడ్డ దగ్గరే పట్టుకుంటే చాలాసార్లు లేజర్‌తోనే పోతుంది. ఇంకో రెండు రోజులకు ముక్కువైపు కిందిమూల నుంచి బూడిదరంగు తెర లేచింది.

నీడ కింద ఉందంటే చిరుగు పైన ఉన్నట్టు. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది. పైచిరుగుకు గడువుండదు. దాన్లోంచి దూరిన నీరు కిందికి దిగుతూ రెటీనా నడిమధ్య అక్షరాలు చదివించే చోటును, మాక్యులాను, లేపేస్తుంది. అది లేచాక ఆపరేషన్ చేస్తే రెటీనా అతుక్కున్నా అక్షరాలు వంకరగా కనిపించడం మిగలొచ్చు. నాది ఇంకా లేవలేదని మర్నాడే విజయవాడలో విట్రెక్టమీ చేశారు: మూడు సన్న రంధ్రాలు, లోపలి జెల్లీ తీయడం, చిరుగు చుట్టూ లేజర్, ఆఖర్న కంట్లో సీ3ఎఫ్8 అనే గ్యాస్ బుడగ. చిరుగు మూస్తేనే రెటీనా నిలుస్తుందని 1920లలో స్విట్జర్లాండ్ డాక్టర్ జూల్స్ గోనాన్ చూపించేదాకా ఈ జబ్బుకు వైద్యం దాదాపు లేనట్టే.

లేజర్ మచ్చ గట్టిపడటానికి రెండు వారాలు పడుతుంది. అందాకా చిరుగును నొక్కిపట్టేది బుడగే. బుడగ పైకే పోతుంది కాబట్టి చిరుగే పైన ఉండాలి. మొదటి రాత్రి బోర్లా, ఆ తర్వాత ఎడమచెంప దిండుకు ఆనించి పడుకోమన్నారు. చిరుగు చోటునిబట్టి ఇది మారుతుంది, పక్కింటాయన పడుకున్నట్టు మీరు పడుకోవద్దు. వెల్లకిలా మాత్రం ఎవరూ వద్దు: బుడగ లెన్సును తాకి శుక్లాన్ని తొందరపెడుతుంది.

మొదట్లో అంతా మసక. మూడోవారానికి పైన చూపు తేటపడి, మేస్త్రీ రసమట్టంలోలా ఒక గీత కనిపించింది. తల వంచితే ఊగేది. రోజురోజుకూ దిగి, చివరికి కింద గోళీకాయంత నల్లబుడగై, ఏడోవారంలో మాయమైంది. అందాకా గన్నవరంలో విమానం ఎక్కకూడదు, తిరుమల ఘాట్ రోడ్డూ వద్దు. ఎత్తుకు పోతే గ్యాస్ ఉబ్బి కంటి ప్రెషర్ పెరుగుతుంది. వేరే ఆపరేషన్ పడితే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే బుడగ ఉబ్బుతుంది. కన్ను సలిపి, తలనొప్పితో వాంతి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

ఏడాదికి శుక్లం వచ్చింది, తీశారు. ఎడమకంట్లోనూ పలచబడిన చోట్లు కనిపిస్తే లేజర్ చేశారు. ఇప్పుడు రోజూ పొద్దున ఒక్కో కన్నూ మూసి గోడమీది క్యాలెండర్ నాలుగు మూలలూ చూసుకుంటాను.