నమః: ఒక మాట, అనేక భాషలు

శ్రీరుద్రం కోపానికి నమస్కరించడంతో మొదలవుతుంది. "నమస్తే రుద్ర మన్యవ ఉతోత ఇషవే నమః, నమస్తే అస్తు ధన్వనే బాహుభ్యాముత తే నమః" అన్న తొలి మంత్రంలో నమస్కారం ముందుగా రుద్రుని కోపానికి, ఆ తరువాత ఆయన బాణానికి, ధనుస్సుకు, రెండు బాహువులకు వరుసగా అందుతుంది. ఎదురుపడినవారితో మనం రోజూ అనే "నమస్తే" ఈ మంత్రానికి మొదటి మాట. "నీకు నమస్సు" అని దాని అర్థం. కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయ సంహిత 4వ కాండలోని ఈ 11 అనువాకాలలో (విభాగాలలో) ఆ పదం ఎంతగా నిండి ఉందంటే, ఆ భాగానికి నమకమనే పేరు స్థిరపడింది.

"నమ్" ధాతువుకు వంగడం అని అర్థం. నమః అన్న పదంతో కలిసే పేరు చతుర్థీ విభక్తిలో ఉండాలని పాణిని సూత్రం చెబుతున్నది. అందుకే శివాయ, నారాయణాయ, గణపతయే అంటాం. చతుర్థి ప్రధానంగా దానాన్ని అందుకొనేవారిని సూచించే విభక్తి. నమః అన్నప్పుడు ఇస్తున్నది ఏమిటన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. నమ్రత, ప్రణామం ఇదే ధాతువు నుంచి వచ్చాయంటే ఎవరూ ఆశ్చర్యపోరు గాని, ఉన్నతి అన్న మాట కూడా అక్కడి నుంచే వచ్చిందని గమనించినప్పుడు నేను చాలాసేపు ఆ పదం దగ్గరే ఆగిపోయాను. పైకి ఎదగడాన్ని చెప్పే పదంలోనూ "నతి" దాగి ఉంది.

ఋగ్వేదం 6వ మండలంలోని ఒక మంత్రం నమస్సునే స్తుతిస్తుంది. "నమ ఇదుగ్రం నమ ఆ వివాసే నమో దాధార పృథివీముత ద్యామ్" అంటాడు ఋషి. నమస్సే బలమైనది, దానినే సేవిస్తున్నాను, భూమిని, ఆకాశాన్ని అదే నిలబెట్టింది అని భావం. దేవతలకు నమస్సు అంటూనే, ఆ దేవతలపై కూడా నమస్సుకే అధికారం ఉన్నదని తరువాతి పాదం చెబుతుంది. నమస్కరించేవాడు బలహీనుడన్న ఊహకు ఈ మంత్రంలో చోటు లేదు.

వ్యాకరణం చెప్పే ఈ వ్యుత్పత్తికి తోడుగా సంప్రదాయం మరొక నిర్వచనాన్ని నిలుపుకొన్నది. విష్ణు ఆరాధనను చెప్పే పాంచరాత్ర ఆగమాలలో ఒకటైన అహిర్బుధ్న్య సంహిత వంటి గ్రంథాలను అనుసరించే వైష్ణవాచార్యులు నమః పదాన్ని "న మమ" అని, అంటే "నాది కాదు" అని వివరిస్తారు. హోమంలో ఆహుతి వేస్తూ "అగ్నయ ఇదం న మమ" అనడం వింటూనే ఉంటాం. "మమేతి చ భవేన్మృత్యుర్న మమేతి చ శాశ్వతమ్" అని మహాభారతం: "మమ" (నాది) అన్న రెండక్షరాలు మృత్యువు, "న మమ" (నాది కాదు) అన్న మూడక్షరాలు శాశ్వతం. భాషాశాస్త్రం దీనిని ధాతుమూలంగా అంగీకరించదు, అంగీకరించవలసిన అవసరమూ లేదు. శరీరం వంగినంత మాత్రాన లోపల ఉన్నవాడు వంగకపోవచ్చునని ఎరిగిన పెద్దలు, ఆ లోపలి వంపును కూడా అదే పదంలో వినిపించారని నా నమ్మకం. చతుర్థీ విభక్తితో ఇస్తున్నది "నాది" అన్న భావాన్నే.

ఇదే మూలపదం ఇరాన్ వైపు ఇంకో రూపంలో నిలిచింది. జరతుష్ట్ర మతస్థుల అవెస్తా భాషలో అది "నెమహ్". పారశీకంలో అది "నమాజ్" అయింది, ఇస్లాం అక్కడ వేళ్లూనుకొన్న తరువాత రోజుకు అయిదుసార్లు చేసే ప్రార్థనకు అదే పేరు నిలిచి, తుర్కీ, ఉర్దూ భాషల్లోకి, మన తెలుగులోకి నమాజుగా వచ్చింది. అరబ్బీలో ఆ ప్రార్థన పేరు "సలాత్". దానికి బంధువైన అరమాయిక్ ధాతువుకు కూడా వంగడమనే అర్థం ఉన్నదని పండితులు చెబుతారు. పరస్పర సంబంధం లేని రెండు భాషాకుటుంబాలు ప్రార్థనకు పేరు పెట్టేటప్పుడు వంగిన శరీరాన్నే చూశాయి. నమస్కారం, నమాజు ఒకే తల్లి బిడ్డలని తెలిసిన నాటి నుంచి ఆ రెండు మాటలూ నాకు వేరువేరుగా వినిపించడం లేదు.

తూర్పు వైపు ప్రయాణం ప్రాకృతంతో సాగింది. జైనుల మహామంత్రం "ణమో అరిహంతాణం" అని మొదలవుతుంది. భువనేశ్వర్ సమీపంలోని, కళింగ రాజు ఖారవేలుని హాథీగుంఫా శాసనానికి కూడా అర్హంతులకు, సిద్ధులకు చెప్పిన నమస్సే ఆరంభం. పాళీలో బౌద్ధులు "నమో తస్స భగవతో" అంటారు. చైనా అనువాదకులు ఈ పదాన్ని అర్థంతో కాక ధ్వనితో నిలుపుకొన్నారు. అందుకు వాడిన రెండు లిపి గుర్తులకు విడిగా "దక్షిణం", "లేదు" అని అర్థాలున్నా, మంత్రంలో వాటికి ఆ అర్థాలతో పని లేదు. టిబెట్ వారు ధ్వనిని వదిలి భావాన్ని తీసుకొని, చేతులను గౌరవంగా చెప్పే పదంతో "ఛాగ్ త్సల్ లో" అన్నారు. జపాన్‌లో అది "నము". బౌద్ధ గురువు హోనెన్ (1133–1212) ప్రచారం చేసిన "నము అమిద బుత్సు" (అమితాభ బుద్ధునికి నమస్సు) అన్న జపంలో ఆ మాటకు శరణాగతి అన్న అర్థం స్థిరపడింది. శ్రీవైష్ణవులు నమః పదంలో వినే అర్థానికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి.

ధ్వని ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కాదన్న జాగ్రత్త కూడా అవసరం. తెలుగులోని "నమ్ము", తమిళంలోని "నంబు", కన్నడంలోని "నంబు" అచ్చమైన ద్రావిడ పదాలు. నమః పదంతో వాటికి చుట్టరికం లేదు. తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్ పేరులోని "నమ్" కూడా వేరు, దానికి "మన" అని అర్థం. అయినా నమ్మినవాడే నమస్కరిస్తాడు గనుక, తెలుగు భక్తుని నోట ఈ రెండూ పక్కపక్కన నిలవడం నాకు సంతోషమే.

అన్ని భాషల్లోకీ తెలుగు ఈ మాటకు ఇచ్చిన స్థానం నా మనస్సును ఎక్కువగా తాకుతుంది. "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని రాయించి చదువు మొదలుపెట్టిన సంప్రదాయం నుంచి "ఓనమాలు" అన్న పదం పుట్టి, వర్ణమాలకే పేరైంది. మరాఠీలో "ఓనామా" అంటే ఏ పనికైనా ఆరంభం. ఓనమాలు దిద్దడం అంటున్నప్పుడు అందులో ఓంకారం, నమస్సు ఉన్నాయని చాలామందికి గుర్తుండదు. పదం మాత్రం గుర్తుంచుకొన్నది. ఆ రోజుల్లో పిల్లవాడు అకారం కంటే ముందు ఈ మాటనే దిద్దేవాడు, పలక మీదికి తల వంచి.