వేలు పడలేదు మాస్టారూ

ఇవాళ మధ్యాహ్నం నా పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ సంగతి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నేను బతికే ఉన్నానట. నాలుగు రోజులు తిరిగాక ఒప్పుకున్నారు. కోపం చల్లారితే మర్యాదగా రాసేస్తానని, వేడి మీదే రాస్తున్నాను.

జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి 2012 ఆగస్టులో రిటైరయ్యాను, 58కే. నాకన్నా రెండేళ్ళు ఆలస్యంగా పుట్టినవాళ్ళకి 2014లో 60 చేశారు. ఆ తర్వాతివాళ్ళకి 2022లో 62. మా అమ్మ తొందరపడింది. అసలు నేను మాట్లాడకూడదు లెండి. 1983లో ఎన్టీఆర్ వచ్చీరాగానే 58ని 55కి దించేస్తే, ఉద్యోగం కోసం చూస్తున్న బీఈడీ కుర్రాళ్ళం పండగ చేసుకున్నాం. ఇంటికి పోయిన ముసలాళ్ళ గురించి ఒక్కడం ఆలోచించలేదు. 70 దాటాక ఇచ్చే అదనపు పెన్షన్‌ని 2022 పీఆర్సీలో (జీతాలు, పెన్షన్ల సవరణలో) పది శాతం నుంచి ఏడుకి కోసినప్పుడు మాత్రం బాగా ఆలోచించాను.

సంగతికొస్తాను. కేంద్రం పెన్షనర్లకి లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో, ఆంధ్రాలో మాకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో. ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు, బ్యాంకు పాస్‌బుక్కు పట్టుకుని, సంక్రాంతి కోడిపందాల హడావిడి తగ్గి ఊళ్ళో దాళ్వా నాట్లు సాగుతుండగా టౌనుకి బస్సెక్కాను. అక్కడిదాకా సుఖమే.

సర్టిఫికెట్ చేసే సెంటర్లో కుర్రాడు వేలిముద్ర మిషన్ ముందుకి తోసి "కుడి బొటనవేలు పెట్టండి" అన్నాడు. పెట్టాను. ఎర్రలైటు. తుడిచి పెట్టాను. ఎర్రలైటు. ఎడమది, చూపుడువేలు, ఉంగరంవేలు... పది వేళ్ళూ అయ్యాయి. వెనకాల పదిహేను మంది. కుర్రాడు అందరికీ వినపడేలా "వేలు పడలేదు మాస్టారూ, గీతలు అరిగిపోయాయండి" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు నా దగ్గర చదువుకున్నవాడిదేనని నా అనుమానం, తిరిగి చూడలేదు.

ఇది నాకెందుకు అంత గుచ్చుకుందో చెప్పాలి. 1990ల్లో అక్షరాస్యత ఉద్యమం జోరుగా ఉన్నప్పుడు మా ఊరి రామాలయం అరుగు మీద రెండేళ్ళు రాత్రి బడి నడిపాను. లాంతరు కిరసనాయిలు నా జేబులోదే. వేలిముద్ర అంటే నాకు ఒళ్ళు మంట. ఒకరోజు రేషన్ డీలరు దగ్గరున్న ఇంకు ప్యాడ్ తీసుకుని అందరి ముందూ కాలవలోకి విసిరేశాను. "ఇక ఈ ఊళ్ళో వేలు లేదు, సంతకమే" అన్నాను. డీలరు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. పదిహేడు మంది సంతకం నేర్చుకున్నారు, అది మాత్రం నేను గొప్పగానే చెప్పుకుంటాను. అలాంటివాణ్ణి "బాబూ, సంతకం చేస్తాను, గుండ్రంగా చేస్తాను" అని కుర్రాణ్ణి బతిమాలాను. సంతకానికి చోటు లేదండీ అన్నాడు.

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. రొయ్యలు వలిచి వలిచి ఆవిడ వేళ్ళూ నున్నగా అయిపోయాయట. "రేషనుకాడ నాకూ ఇంతేనండి. వేలు తలకి రుద్దండి, జిడ్డంటుకుంటే పడద్ది" అంది. నాకు జుట్టెక్కడిది? మూడు పక్కలా కలిపి ముప్ఫై వెంట్రుకలు. అయినా రుద్దాను. జనం చూస్తుండగా బట్టతల మీద బొటనవేలు రాసుకున్నాను. ఎర్రలైటు. ఆవిడకి నెలనెలా ఒకటో తారీఖున నాలుగు వేలు సచివాలయం వాళ్ళు ఇంటికి తెచ్చి ఇస్తారు. పాపం అనుకోవాల్సింది పోయి కుళ్ళుకున్నాను. నా పెన్షన్ దానికి ఎన్ని రెట్లో నాకు తెలుసు, అయినా కుళ్ళుకున్నాను.

రెండో రోజు ట్రెజరీ ఆఫీసుకి పోయాను. ఏ ఊరిదో చెప్పను. "ఎదురుగా నిలబడ్డాను కదా బాబూ, చూసి రాసుకో" అన్నాను. అతను తల ఎత్తకుండానే "వేలు పడకపోతే మొహంతో చేయించుకోండి" అన్నాడు. ఆ మొహమే కదయ్యా చూడమంటున్నది! 2024 మే 13న ఎండలో గంటన్నర నిలబడితే ఎడమచేతి వేలికి సిరా రాసి ఓటేయనిచ్చారు. గీతలున్నాయా లేవా అని అప్పుడు ఎవరూ చూడలేదు. ఓటు పుచ్చుకోవడానికి మనిషి చాలు, డబ్బులివ్వడానికి చాలడు. ఏ పార్టీ వచ్చినా ఇంతే, ఈ ముక్క ఇంట్లో అంటే మా అబ్బాయి వేరే పార్టీ వైపు వాదిస్తాడు.

మూడో రోజు కోపంతో పడుకున్నాను.

నాలుగో రోజు పక్కింటి ఇంటర్ పిల్ల ఫోన్లో రెండు యాప్‌లు ఎక్కించింది, సర్టిఫికెట్‌కి ఒకటి, జీవన్ ప్రమాణ్, మొహం గుర్తుపట్టడానికి ఇంకోటి, ఆధార్ ఫేస్ ఆర్‌డీ. రెండూ ఉండాలి, ఇది ఎవరూ చెప్పరు. ముందు ఆపరేటరు, అంటే దగ్గరుండి చేయించే మనిషి మొహం, తర్వాత పెన్షనరు మొహం. ఆపరేటరుగా మా ఆవిణ్ణి పెట్టాం. ఆవిడ మొహాన్ని యాప్ ఒక్క దెబ్బకి తీసుకుంది. నన్ను మాత్రం రెప్ప వేయమంటుంది, వేస్తే వేయలేదంటుంది. క్లాసులో పిల్లల్ని రెప్పేయకుండా చూసి హడలగొట్టిన కళ్ళు, పైగా రెండిటికీ శుక్లాల ఆపరేషన్ అయింది. వసారాలో కొబ్బరాకుల నీడలు మొహం మీద ఊగుతున్నాయని ఆ పిల్ల కనిపెట్టింది. కళ్ళజోడు తీయించి, తెల్లగోడ ముందు, కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టింది. మా ఆవిడ కంటి ముందు తువ్వాలు విసిరింది. ఉలిక్కిపడి రెప్ప వేశాను. పచ్చలైటు!

నా సలహా: వేళ్ళ కోసం టౌనుకి పోవద్దు, ఇంట్లోనే మొహంతో కానివ్వండి. లేదా పోస్టుమాన్‌ని పిలవండి, 70 రూపాయలు తీసుకుని గుమ్మంలో చేసిపెడతాడు. పీపీఓ నంబరు రెండుసార్లు సరిచూసుకోండి. మెసేజ్ వచ్చిందని సంబరపడక, ట్రెజరీ వాళ్ళు ఆమోదించారో లేదో మళ్ళీ చూసుకోండి. ఆ పిల్లకి కిలో పూతరేకులు చెప్పాను.

కొబ్బరి దింపులవాడు కూలీ కోసం వచ్చి, డబ్బు తీసుకుంటూ "ఏంటండీ మాస్టారూ, తల గోక్కుంటున్నారు?" అన్నాడు. చూసుకుంటే కుడి బొటనవేలు నెత్తి మీదే ఉంది.