వెరోనాలో ఓ సందు బారు: నా అనుభవం

ఇటలీలోని వెరోనా ఊళ్లో సాయంత్రం ఆరింటికి భోజనం దొరకదు. మధ్యాహ్నం రెండున్నర దాటితే హోటళ్లలో వంటగది మూసేస్తారు. మళ్లీ ఏడు, ఏడున్నరకు గానీ పొయ్యి వెలిగించరు. మేమేమో పొద్దుటి నుంచి రాతి ఎగ్జిబిషన్‌లో నిలబడి నిలబడి, మధ్యలో ఓ ఎండు బ్రెడ్డుముక్క నమిలి, ఆరు కొట్టేసరికి నకనకలాడుతూ బయటపడేవాళ్లం. ఆ వేళకు తలుపు తెరిచి, తినడానికి ఏదో ఒకటి పెట్టేవి బార్లే. నన్ను బారులోకి తీసుకెళ్లింది ఆకలి. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఒంగోల్లో ఈ సంగతి విన్న ప్రతివాళ్లూ మొదట అన్నది "నువ్వా? బారుకా?" అనే.

చీమకుర్తి రాయి ఎగుమతి చేసే ఓ కంపెనీలో నాది డాక్యుమెంట్ల పని. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, వీటి మధ్యే రోజు గడిచిపోతుంది. ఏటా సెప్టెంబరు ఆఖర్లో వెరోనాలో మార్మోమాక్ అనే రాతి వ్యాపారుల ప్రదర్శన జరుగుతుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే మన గెలాక్సీ రకం చీమకుర్తి, రామతీర్థం క్వారీల నుంచే ప్రపంచమంతా పోతుంది కాబట్టి, అక్కడ మన ప్రకాశం జిల్లావాళ్లు బాగానే కనిపిస్తారు. ఈసారి స్టాల్ చూసుకోడానికి నన్నూ, మా యార్డు సూపర్‌వైజర్‌నూ పంపారు. ఆయన్ని ఆఫీసంతా బాబాయ్ అనే పిలుస్తాం. వీసా, ఇన్సూరెన్సు, వేలిముద్రల గోల అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా.

మా అమ్మ గురించి మాత్రం వదిలేస్తే కుదరదు. మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు పల్లె. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారన్న కబురు మా ఊరు చేరేటప్పటికి అమ్మ రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటోంది. అప్పట్లో సారా ప్యాకెట్లలో వచ్చేది. పలక పక్కన పెట్టి, మిగతా ఆడవాళ్లతో కలిసి ఆ ప్యాకెట్లు చించి రోడ్డు మీద పారబోసిన మనిషి మా అమ్మ. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో మద్యం మొత్తానికే నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. అమ్మ మాత్రం తన నిషేధం ఎత్తలేదు. ఇప్పటికీ వైన్‌షాపు ఉన్న వీధిలోంచి ఆటోను పోనివ్వదు, చుట్టు తిప్పిస్తుంది. నేను కూడా అలాగే పెరిగాను. ఇనుప ఊచల వెనక నుంచి సీసా అందుకుని, సంచిలో దాచుకుని పోయే మనుషుల్ని చూస్తే ఇప్పటికీ నా కాళ్లు వాటంతటవే రోడ్డు దాటేస్తాయి.

బయ్యర్ ఆఫీసులో నాతో మెయిళ్లు నడిపే ఇటలీ అమ్మాయి ఒకతె ఉంది. ఏళ్ల తరబడి కంటైనర్ నంబర్ల గురించి తప్ప ఇంకో మాట రాసుకోని మేమిద్దరం స్టాల్‌లో కలిశాక తెగ కబుర్లు చెప్పుకున్నాం. మా ఆకలి సంగతి విని "నాతో రండి" అంది. టూరిస్టులుండే చౌకులు దాటించి, పొంతె పియెత్రా అనే పాత వంతెన మీదుగా అదిజె నది అవతలికి నడిపించింది. రోమన్ల కాలపు వంతెన అది. 1945లో వెనక్కి వెళ్లిపోతూ జర్మన్ సైన్యం పేల్చేస్తే, ఊరివాళ్లు నదిలో పడ్డ రాళ్లనే ఏరి తీసి మళ్లీ కట్టుకున్నారు. బాబాయ్ అక్కడ ఆగిపోయాడు. నంబరు వెయ్యకుండా ఏ రాయి ఎక్కడిదో ఎట్లా తెలిసిందని ఆయన బాధ. యార్డులో బ్లాకుల మీద పెయింటుతో నంబర్లు రాయించే మనిషి కదా.

అవతలి ఒడ్డును వెరోనెత్తా అంటారు. యూనివర్సిటీ పిల్లలు, పాత ఇళ్లు, సన్న సందులు. ఆ సందుల్లో ఒకదాంట్లో ఉంది బారు. బోర్డు కూడా సరిగా కనపడదు. తలుపు బయట నలుగురు సిగరెట్లు కాలుస్తూ నిలబడి ఉన్నారు, ఎందుకంటే ఇటలీలో 2005 నుంచి బార్లలో లోపల పొగ తాగనివ్వరు. పొగాకు పండించే ఊళ్ల నుంచి వచ్చిన మాకు అది చూసి కొంచెం వ్యాపార దిగులు కలిగింది.

గడప దగ్గర నా గుండె ఒక్క క్షణం గట్టిగా కొట్టుకుంది. టెన్షనే, ఇంకో పేరు లేదు. లోపల మన పెంకుటింటి వసారా అంత గది. ముదురు రంగు చెక్క బీరువాల్లో పైకప్పు దాకా సీసాలు, పసుపు బల్బులు, గోడకు నల్లపలక. మార్కాపురం పలకలాంటి అసలు పలకే, దాని మీద సుద్దతో ఆ రోజు పోసే వైన్ల పేర్లూ ధరలూ. మా పక్కనే ఒకామె స్ట్రాలర్‌లో పిల్లాణ్ణి ఊపుతూ వైన్ తాగుతోంది. ఓ ముసలాయన కాళ్ల దగ్గర కుక్క పడుకుని ఉంది. కౌంటర్ వెనక అరవై దాటిన ఆవిడ. యజమాని ఆవిడే.

లోపలికి వెళ్లగానే చెయ్యాల్సిన పని, అందరికీ వినపడేలా "బువొనసేరా" అనడం. శుభసాయంత్రం అన్నమాట. అది అనకుండా నేరుగా కౌంటర్ దగ్గరికి పోయి వేలు చూపిస్తే మర్యాద తెలియనివాళ్ల కింద కడతారు. అన్నాక గదిలో సగం మంది తిరిగి అన్నారు, ఆ తర్వాత మావైపు ఎవ్వరూ చూడలేదు. చూడకపోవడమే నాకు కావలసింది. ఇక కూర్చోడం గురించి. కూర్చోవాలని ఆత్రపడకూడదు. ఇటలీలో చాలాచోట్ల నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. కొన్నిచోట్ల తలకి ఇంత అని అదనంగా కూడా వేస్తారు. స్టేషన్ల దగ్గర రద్దీ బార్లలో అయితే ముందు డబ్బు కట్టి, ఆ చీటీ తెచ్చి చూపించాలి. ఇలాంటి సందు బార్లలో అక్కర్లేదు, చివర్లో అడిగితే లెక్క చెప్తారు. గుర్తుపెట్టుకునేది ఆవిడే.

"నేను తాగను" అని ఆ అమ్మాయితో గుసగుసలాడాను. ఆవిడతో ఎలా చెప్తుందో, వాళ్లేమంటారో అని. యజమాని ఆవిడ ఏమీ అనలేదు. ఒక చిన్న సీసా తీసి, ఐసు ముక్కలున్న గ్లాసులో వంచి, నారింజ ముక్క వేసి నా ముందు పెట్టింది. క్రొడీనో అని నారింజ రంగు డ్రింకు, ఆల్కహాల్ ఉండదు, తియ్యగా మొదలై చేదుగా దిగుతుంది. చూడ్డానికి పక్కవాళ్లు తాగే, వైన్ కలిపిన స్ప్రిట్జ్‌లాగే ఉంటుంది కాబట్టి ఎవరి చేతిలో ఏముందో ఎవరికీ పట్టదు. మన పెళ్లిళ్లలో కూల్‌డ్రింక్ గ్లాసు పట్టుకున్నవాణ్ణి నలుగురు చేరి ఏడిపిస్తారే, అది ఇక్కడ లేదు.

బాబాయ్ ఎర్ర వైన్ అడిగాడు. ఊరి పక్క కొండల్లోని వాల్పొలిచెల్లా వైన్, గ్లాసులో మూడో వంతే పోస్తారు. ఆయన దాన్ని మన క్వార్టర్ పద్ధతిలో ఒక్క గుటకలో దించి, చేత్తో మూతి తుడుచుకుని, "మిక్చరేమైనా ఉందేమో అడుగమ్మాయ్" అన్నాడు. కౌంటర్ దగ్గర మాటలు టక్కున ఆగాయి. ఆవిడ ఖాళీ గ్లాసు వైపూ, ఆయన వైపూ చూసి, ఒక గ్లాసు మంచినీళ్లు పెట్టింది. రెండో గ్లాసు వైన్ ఆయనకు అరగంట పట్టింది. పక్కవాళ్లను చూసి నేర్చుకున్నాడు.

మిక్చర్ లేదు గానీ అద్దాల పెట్టెలో చిరుతిళ్లున్నాయి. ఇక్కడ మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. గుండ్రంగా వేయించిన ఉండలు చూసి బాబాయ్ చెయ్యి చాపాడు. ఏ మాంసం అని అడిగించాను. ఒంగోలు గిత్తల నేల నుంచి వెళ్లినవాళ్లం, అడగాలి కదా. గొడ్డుమాంసం కాదంది, మేం ఊపిరి పీల్చుకున్నాం, గుర్రం అంది. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. వెరోనాలో గుర్రం మాంసం పాత అలవాటట. 489లో ఊరి దగ్గర జరిగిన యుద్ధంలో చచ్చిన గుర్రాలను పారేయలేక వైన్‌లో ఊరబెట్టి వండుకున్నారని వాళ్లు కథ చెప్పుకుంటారు. మేం పక్క పళ్లెంలోకి వెళ్లాం. సగానికి కోసిన ఉడకబెట్టిన గుడ్డు, దాని మీద ఉప్పులో మాగేసి నూనెలో తేల్చిన చిన్న చేప. నాలుక మీద పెట్టగానే తెలిసిపోయింది, మన నెత్తళ్ల జాతి. పులుసు లేదు, కారం లేదు, ఉప్పు మాత్రం దండిగా. నేను మూడు తిన్నాను.

కౌంటర్ మీద పరిచింది ఎర్ర వెరోనా రాయి. వృత్తి రోగం కాబట్టి వేలితో నిమిరి చూశాను. అక్కడక్కడా అద్దంలా ఉంది, మిగతాదంతా మొద్దుబారి, గ్లాసు అడుగంత గుండ్రటి మచ్చలు ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి. మార్బుల్ అని అమ్ముతారు గానీ అది సున్నపురాయే. వైన్‌లోని పులుపు, నిమ్మరసం తగిలితే పాలిష్‌ను తినేస్తుంది. మన గెలాక్సీకి ఆ బాధ లేదు. (నిజానికి గెలాక్సీ కూడా గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి. వ్యాపారంలో అన్నిటినీ గ్రానైట్ అనేస్తాం.) బాబాయ్ జానలతో కొలిచేసి, "ఇరవై మిల్లీమీటర్ల స్లాబు వేయిస్తే ఈ మచ్చలుండవు, రేటు చెప్పమంటారా" అన్నాడు. అమ్మాయి తర్జుమా చేస్తే ఆవిడ నవ్వి, తన వైపు అంచు దగ్గర బట్టతో తుడిచి చూపించింది. రాతిలో అరచేయంత చుట్ట, గవ్వను అడ్డంగా కోసినట్టు. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన అమ్మోనైట్ శిలాజం. మనమైతే అలాంటి మరక ఉన్న స్లాబును రిజెక్టులో పడేస్తాం. ఆ కౌంటర్‌లో అందరూ ముందు నిలబడే చోటు అదేనట. బేరం అక్కడితో ఆగింది.

బాబాయ్‌కి ఆ సాయంత్రం అన్నిటికన్నా నచ్చింది అమరోనె అనే వైన్ కథ. కోసిన ద్రాక్షను వెంటనే పిండకుండా, గాలి ఆడే అటకల్లో వెదురు తడికల మీద పరిచి మూడు నెలల పైన ఆరబెడతారు. బరువులో మూడో వంతు దాకా పోయాక పిండితే అంత చిక్కదనం వస్తుంది. అందుకే ధర కూడా ఎక్కువ. కందుకూరు వైపు పొగాకు పండించి, బ్యారన్ అనే గదిలో కట్టెల వేడితో ఆకును ఆరబెట్టిన ఇంటి మనిషి ఆయన. "మా బ్యారన్‌లో ఆకు వారంలో కాలుతుంది, వీళ్లకి మూడు నెలలా! పుల్లలు ఆదా గానీ, బూజు పట్టకుండా ఎట్టా చూస్తారంట?" అని అడిగించాడు. ఆవిడ కౌంటర్ వదిలి ఇవతలికొచ్చి చేతులు తిప్పుతూ వివరించింది. తేమ పెరిగితే కిటికీలు మూయడం, గాలి ఆడించడం, రోజూ చూసి కుళ్లిన గింజలు ఏరేయడం. ఇద్దరికీ ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు. మధ్యలో మేం తర్జుమా చెయ్యడం మానేసినా వాళ్లు ఆగలేదు.

కుక్క ముసలాయన అప్పటికే బాగా తాగి ఉన్నాడు, గొంతు పెరిగింది. ఇంకో గ్లాసు అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి నీళ్లు పోసింది. ఆయన గొణిగాడు. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా గ్లాసులు కడుక్కుంది. స్పష్టంగా మత్తులో ఉన్నవాళ్లకు పొయ్యడం ఇటలీలో శిక్ష పడే నేరమని అమ్మాయి చెప్పింది. అన్నిచోట్లా అమలవుతుందా అంటే భుజాలెగరేసింది. ఆయన నీళ్లు తాగి, కుక్కను లేపుకుని, అందరికీ చెప్పి వెళ్లాడు.

లెక్క అడిగితే కాగితం చూడకుండా చెప్పింది. వైన్ గ్లాసు మూడు యూరోలు, నా డ్రింకూ అంతే, గుడ్డుముక్క ఒకటిన్నర. మిగిలిన చిల్లర బాబాయ్ కౌంటర్ మీద వదిలేస్తే, మర్చిపోయాడనుకుని వెనక్కి తోసింది. టిప్పు ఇవ్వకపోతే తప్పేం కాదక్కడ. రసీదు మాత్రం చేతిలో పెట్టింది. ఫెయిర్ అయిపోయేదాకా రోజూ ఆ వేళకి అక్కడికే వెళ్లాం. ఆ రసీదులన్నీ ఒంగోల్లో ట్రావెల్ క్లెయిముకు జత చేస్తే మా అకౌంటెంట్ గారు కళ్లజోడు పైకెత్తి, "బారు బిల్లులు కంపెనీ పెట్టుకోదమ్మా" అన్నారు. గుడ్లు తిన్నామండీ అంటే నమ్మలేదు. బాబాయ్, నేను చెరిసగం భరించాం.

అమ్మకు ఫోన్లో చెప్పాను. చెప్పకుండా ఉంటే ఎప్పటికైనా బాబాయ్ ద్వారా తెలుస్తుంది, అది ఇంకా ప్రమాదం.

"ఆడమనిషే పోస్తాదా సారా?" అంది.

"సారా కాదమ్మా, వైను."

"ఏదైతే ఏందిలే. తాగి ఇంటికిపొయ్యి పెళ్లాల్ని కొడతారా లేదా అక్కడ?"

"నాకేం తెలుసమ్మా, నేను చూసింది బారొక్కటేగా."

ముసలాయనకు నీళ్లిచ్చిన సంగతి చెప్పాను. అమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. "అడిగినా పొయ్యలా? మనూళ్లో ఒక్కడన్నా అట్టా చేసుంటే మేమెందుకే రోడ్డెక్కేది" అంది. తర్వాత గుర్రం మాంసం సంగతి ఎత్తాను. "ఛీ, అన్నం తినే టయానికి" అని ఫోను పెట్టేసింది.