ఆట ఆగినప్పుడల్లా: పలాస నుంచి ఈస్పోర్ట్స్ దాకా నా అనుభవం

మా పలాస-కాశీబుగ్గలో ఇప్పుడు ఏ ఇంట్లో అబ్బాయి సెల్‌ఫోన్ వదలకపోయినా ఆ అబ్బాయి తండ్రి మా నాన్నను వెతుక్కుంటూ వస్తున్నాడు. కొందరు ఆ అలవాటు మాన్పించే ఉపాయం అడగడానికి వస్తారు, కొందరు అందులో డబ్బు వచ్చే దారి అడగడానికి వస్తారు. నేను బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే ఫోన్ ఆటను జీతం తీసుకుని ఆడతానని, బెంగళూరులోని ఒక సంస్థ నెలనెలా నా ఖాతాలో డబ్బు వేస్తుందని వారికి తెలుసు. అక్కడికి చేరడానికి 5 ఏళ్ళు పట్టిందని, అందులో దాదాపు 20 నెలలు పోటీలన్నవే లేకుండా గడిచాయని మాత్రం తెలియదు. నాకు ఈ ఆట బాగా వంటబట్టింది ఆడటానికి వీల్లేని ఆ రోజుల్లోనే కాబట్టి, ఎక్కువగా వాటి గురించే రాస్తున్నాను.

2018లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు మా బావ ఫోన్‌లో పబ్జీ మొబైల్ మొదటిసారి ఆడాను. విమానంలోంచి దూకి, తుపాకులు వెతుక్కుని, అంతకంతకూ చిన్నదయ్యే వలయం లోపల చివరిదాకా బతికినవారు గెలిచే ఆట అది. అదే ఏడాది అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరం మీద విరుచుకుపడింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, మా ఇంటికి చాలా రోజులు కరెంటు రాలేదు. ఫోన్లు చచ్చిపోయి ఊరికే కూర్చోలేక నేను, బావ, పక్కింటి అబ్బాయిలు ఇద్దరు సుద్దముక్కతో గచ్చు మీద ఆటలోని ఎరాంగెల్ అనే దీవి పటం గీసుకుని, విమానం ఈ దిక్కు నుంచి వస్తే ఎక్కడ దిగాలి, వలయం ఆ మూలకు పడితే ఏ దారిన పోవాలి అని గంటల తరబడి వాదించుకునేవాళ్ళం. తోటలు కూలిపోయి ఊరు ఊరంతా ఏడుస్తుంటే మేము బొమ్మలు గీసుకున్నామని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అయినా ఆ గచ్చు మీదే నేను పటాన్ని మొదటిసారి పైనుంచి చూడటం నేర్చుకున్నాను.

2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. 2021 జూలై 2న అదే ఆట బీజీఎంఐ పేరుతో భారతదేశానికి వేరుగా విడుదలయ్యే నాటికి నాకు 17 ఏళ్ళు. 18 నిండనివారు రోజుకు 3 గంటలకు మించి ఆడకూడదని, 7,000 రూపాయలకు మించి ఖర్చు చేయకూడదని అందులో నియమం పెట్టారు, పైగా పెద్దవారి ఫోన్‌కు ఓటీపీ వెళ్తుంది. మా నాన్న జీడి పిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర పని చేస్తారు. నేను ఫోన్ చేసి ఆ నంబరు చెప్పమంటే, "ఏటిరా ఇది? బ్యాంకోడు అడిగితే సెప్పకూడదన్నావు, నువ్వడిగితే సెప్పాలా?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. రాత్రి ఇంటికొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని ఒక మ్యాచ్ మొత్తం చూసి, అప్పుడు ఒప్పుకున్నారు.

ఆ 3 గంటల నియమాన్ని మొదట్లో తిట్టుకున్నాను. ఎరాంగెల్‌లో చివరిదాకా బతికితే ఒక్కో మ్యాచ్‌కు దాదాపు అరగంట పడుతుంది, అంటే రోజుకు 6 మ్యాచ్‌లు. అంతకు ముందు ఆ దీవిలోని పోచింకీ అనే ఊళ్ళో దిగి, 3 నిమిషాల్లో చచ్చి, మళ్ళీ మొదలుపెట్టే అలవాటు ఉండేది. గంటలు లెక్కపెట్టుకోవలసి వచ్చేసరికి ఆ అలవాటు పోయింది. 5 మ్యాచ్‌లు ఆడి, మిగిలిన సమయంలో ఆ రోజు మేమెక్కడ చచ్చామో రికార్డింగులో చూసుకునేవాళ్ళం. ఆ ఏడాదే బీజీఐఎస్ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా సిరీస్) అనే మొదటి పోటీ ప్రకటించారు. మొత్తం బహుమతి కోటి రూపాయలు. నమోదైన జట్టు 15 మ్యాచ్‌లు ఆడితే అందులో మేలైన 10 లెక్కలోకి తీసుకుని, పైనున్న 1,024 జట్లను తరువాతి దశకు పంపుతారు. ఆ 1,024లో మేము లేము.

ఓడిన తరువాత గానీ పాయింట్ల లెక్కను నేను సరిగా చూడలేదు. అధికారిక పోటీల్లో నలుగురేసి సభ్యులున్న 16 జట్లు ఒకేసారి దిగుతాయి. ఇప్పుడు మేము ఆడే లెక్కలో మొదటి స్థానానికి 10, ఆ తరువాత వరుసగా 6, 5, 4, 3, 2, 1, 1, తొమ్మిదో స్థానం నుంచి సున్నా. చంపిన ఒక్కో శత్రువుకు 1 పాయింటు. అంటే ముగ్గురిని కొట్టి పదిహేనో స్థానంలో చచ్చిన జట్టుకు 3 వస్తే, ఎవరినీ కొట్టకుండా చివరిదాకా నిలబడిన జట్టుకు 10 వస్తాయి. ఇది మా బావకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు గానీ అమ్మకు ఒక్కసారికే అర్థమైంది. అమ్మ ఇంటి దగ్గరే జీడిపప్పు పొట్టు తీసి గ్రేడింగు చేస్తుంది. పౌండు బరువుకు ఎన్ని గుండ్లు (విరగని పప్పులు) తూగుతాయన్న దాన్ని బట్టి 180, 240, 320 అని రకాలు వేరు చేస్తారు, విరిగినవాటికి ఆ ధర రాదు. "ముక్కలు బస్తాడున్నా గుండు రేటు ఎవుడిత్తాడు?" అంది అమ్మ. ఆ తరువాత నేను ముందుకు దూకి కాల్చే అసాల్టర్ పాత్ర వదిలి, వెనక ఉండి జట్టుకు దారి చూపే ఐజీఎల్ (ఇన్-గేమ్ లీడర్) పాత్రకు మారాను. నా గురి ఎప్పుడూ మధ్యరకమే కాబట్టి ఆ త్యాగం పెద్దదేమీ కాదు.

2021 చివరలో ఒక సంస్థ వారు ఆటగాళ్ళు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో పలకరించి, మా జట్టును తీసుకుంటామని 11 పేజీల ఇంగ్లీషు ఒప్పందం పంపారు. నేను చదవకుండా ఫోన్ తెర మీద వేలితో సంతకం చేసి, పావుగంటలో తిప్పి పంపాను. అప్పటికి నాకు ఇంకా 17 ఏళ్ళే. చిన్న పోటీల్లో మేము గెలిచిన 24,000 రూపాయలు వారి ఖాతాకు వెళ్ళాయి, మాకు పైసా రాలేదు. 2022 వేసవిలో వెళ్ళిపోతామని చెబితే, ఏడో పేజీలో రాసి ఉన్నట్టుగా ఒక్కొక్కరూ 2 లక్షలు కట్టాలని సందేశం పంపారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

నాన్న నన్ను కాశీబుగ్గలో తనకు తెలిసిన న్యాయవాది దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన 11 పేజీలూ చదివి, సంతకం కింద తేదీ చూసి, నా ఆధార్ కార్డు అడిగి, పుట్టిన తేదీ చూసి నవ్వారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదని, అలాంటి ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ తేల్చేసిందని వివరించారు. మేజర్ అయ్యాక పాత కాగితాన్ని ఒప్పుకున్నా అది చెల్లదు కాబట్టి వారు కొత్త కాగితం మీద సంతకం అడుగుతారని, అది మాత్రం పెట్టవద్దని హెచ్చరించారు. సరిగ్గా వారం తరువాత కొత్త కాగితం వచ్చింది. పెట్టలేదు. మా 24,000 మాత్రం ఈ రోజుకీ రాలేదు.

అలా బయటపడి, కర్నూలు, ఖమ్మం, చీపురుపల్లి కుర్రాళ్ళతో కొత్త జట్టు కట్టుకుని కాస్త పేరు తెచ్చుకుంటున్న సమయంలో, 2022 జూలై 28 సాయంత్రం బీజీఎంఐ యాప్ స్టోర్లలోంచి మాయమైంది. ఫోన్‌లో అప్పటికే ఉన్న ఆట నడుస్తూనే ఉన్నా పెద్ద పోటీలన్నీ ఆగిపోయాయి. ఖమ్మం అబ్బాయి వేరే ఆటకు మారాడు, కర్నూలు అబ్బాయి ఇంజినీరింగుకు వెళ్ళిపోయాడు. నేను డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు నాన్న పని చేసే చోటే బస్తాల తూకం లెక్కలు రాసేవాడిని.

పోటీలు లేని ఆ 10 నెలల్లో నేను చేసిన ముఖ్యమైన పని ఒక 200 పేజీల నోటుపుస్తకం నింపడం. ఇతర దేశాల్లో జరుగుతున్న పబ్జీ మొబైల్ పోటీలను యూట్యూబ్‌లో చూస్తూ, ఎరాంగెల్ మ్యాచ్ ఒక్కోదానికి ఒక పేజీ కేటాయించి, వలయాలు ఎక్కడ పడ్డాయో, ఏ జట్టు ఏ నిమిషానికి ఎక్కడుందో పెన్సిలుతో గీసేవాడిని. కొత్త వలయం ఎప్పుడూ పాత వలయం లోపలే పడుతుందన్నది అందరికీ తెలిసిందే. అయితే అది ఎటువైపు ఒరిగితే మిగిలిన 15 జట్లు ఏ దారిన పరుగెత్తుతాయన్నది పేజీలు నిండుతున్న కొద్దీ కనబడసాగింది. ఉదాహరణకు వలయం దక్షిణాన మిలిటరీ బేస్ ఉన్న దీవి మీద పడితే, అక్కడికి రోడ్డు మీద పోవడానికి ఉన్నవి రెండే వంతెనలు. ముందుగా వెళ్ళిన జట్లు అక్కడే కాపు కాస్తాయి, ఆలస్యంగా వెళ్ళినవారికి పడవే గతి. ఇవన్నీ ఆడుతున్నప్పుడు చూసినవే, కానీ తుపాకి చేతిలో ఉన్నంతసేపు బుర్రకు ఎక్కలేదు. ఆ డిసెంబర్‌లోనే కేంద్రం ఈస్పోర్ట్స్‌ను, అంటే పోటీగా ఆడే వీడియో గేములను, క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. నా క్రీడకు మంత్రిత్వ శాఖ దొరికింది గానీ ఆడటానికి పోటీ లేదు.

2023 మే చివరలో 3 నెలల పరిశీలన షరతు మీద ఆట తిరిగి వచ్చింది. పెద్దవారికి కూడా రోజుకు 6 గంటల పరిమితి పెట్టారు. నాకది కొత్తేమీ కాదు. ఆగస్టులో ఒక బెంగళూరు సంస్థ ఐజీఎల్ కోసం పరీక్షలు పెడుతోందని తెలిసి దరఖాస్తు చేశాను. వారు నేను ఎంతమందిని కొట్టానని అడగలేదు, మ్యాచ్‌లో నా గొంతు రికార్డింగులు 10 పంపమన్నారు. ఆ తరువాత 3 వారాలు వారి జట్టుతో స్క్రిమ్స్, అంటే సాధన మ్యాచ్‌లు, ఆడించారు.

ఆ 3 వారాలే అన్నిటికంటే కష్టమైనవి. మా వీధిలో గాలి వీస్తే ఫైబర్ తీగ తెగుతుంది. మొబైల్ డేటా మీద పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) 60 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఊగుతుంది, అంటే ఎదుటివాడు గోడ వెనక్కి వెళ్ళిపోయాక నాకు గోడ ముందు కనిపిస్తాడు. రౌటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టి, రెండో ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ సిద్ధంగా ఉంచుకున్నాను. దానికంటే పెద్ద చిక్కు భాష. జట్టులో మాటలన్నీ హిందీలో నడుస్తాయి. నాకు తెలుగు వచ్చు, సరిహద్దు ఊరివాడిని కాబట్టి కాస్త ఒడియా వచ్చు, హిందీ మాత్రం సినిమా హిందీ. తెలుగులో ఆలోచించి హిందీలోకి మార్చుకునే అరక్షణంలో అవతల మనిషి పడిపోయేవాడు. దిక్కులు, అంకెలు, "ఆగు", "పొగ వెయ్యి", "బండి వదిలెయ్" వంటి 60 మాటలు కాగితం మీద రాసుకుని, బస్తాలు తూచేటప్పుడు పైకి వల్లించేవాడిని. కూలీలు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు.

ఎంపికైనట్టు ఫోన్ వచ్చాక ఒప్పందం నేరుగా న్యాయవాది చేతికే ఇచ్చాను. ఆయన రెండు మార్పులు అడిగారు: బహుమతి సొమ్ము సంస్థకు అందిన తరువాత ఎన్ని రోజుల్లో మాకివ్వాలో రాయాలి, మధ్యలో మానేస్తే కట్టవలసిన మొత్తం 3 నెలల జీతానికి మించకూడదు. రెండూ ఒప్పుకున్నారు. అడగడమే మొరటుతనం అనుకుంటూ వణికిపోయింది నేనొక్కడినే. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో అమ్మ కట్టిచ్చిన పులిహోర మూటతో బెంగళూరు వెళ్ళాను.

డబ్బు విషయంలో ఒక్క మాట. నెలవారీ డబ్బును వృత్తి ఫీజుగా చూపి 10 శాతం పన్ను కోస్తారు. ఆదాయం తక్కువైతే రిటర్ను వేసి దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు, నేను తెచ్చుకున్నాను కూడా. బహుమతి సొమ్ము మీద మాత్రం 30 శాతం కోసి ఇచ్చారు, ఆ పద్దు కింద వేసిన పన్ను ఆదాయం తక్కువని చెప్పినా తిరిగి రాదు. "కోటి రూపాయల పోటీ" అన్న వార్త చదివినవారు ఆ కోటిని జట్ల మధ్య, సంస్థకూ ఆటగాళ్ళకూ మధ్య, ఆపైన పన్నుకూ పంచి చూసుకోవడం మంచిది.

2024 బీజీఐఎస్‌లో మా జట్టు ముందు దశలోనే పోయింది. జూన్‌లో హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగిన ఫైనల్స్‌ను టికెట్ పట్టుకుని ప్రేక్షకుడిగా చూసి వచ్చాను.

2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చిన రోజు నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. "నీ ఉద్యోగం పోనాదటగా బాబూ" అంటూ ముగ్గురు పరామర్శకు వచ్చారు. డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించిన ఆ చట్టమే ఈస్పోర్ట్స్‌ను గుర్తించిందని చెబితే ఇద్దరు నమ్మారు. మూడో ఆయన తన కొడుకును తీసుకొచ్చి, వాడికి ఏదైనా దారి చూపమన్నాడు. నేను నోటుపుస్తకం తీసి ఇస్తే ఆ అబ్బాయి గబగబా తిప్పేసి, ఇందులో నా సెన్సిటివిటీ సెట్టింగులు (వేలు కదిపితే గురి ఎంత వేగంగా కదలాలో చెప్పే అంకెలు) ఏ పేజీలో ఉన్నాయని అడిగాడు. నాన్న లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఆ చెల్లని ఒప్పందం ప్రింటు తెచ్చి, ఏడో పేజీ తీసి, పైకి చదవమని ఆ అబ్బాయి చేతిలో పెట్టారు.